జలాంతర్గామిని గట్టు మీద ఉండగానే లెక్కపెట్టాలి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం విద్యార్థులు, పెద్దలు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరుసల్లోకి రండి. గోడ మీద చూపించబోయే ఫొటోలు కొన్ని చాలా చిన్నవి, వెనక నుంచి కనపడవు.

ఈ ఊళ్లో పెరిగినవాళ్లకి సబ్‌మెరైన్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో కుర్సుర ఉంది. 91 మీటర్ల పొడవు. ఒక చివర ఎక్కి, తల వంచుకుని ఒక్కో గదీ దాటుకుంటూ ఇంకో చివర దిగుతాం. మధ్యలో ఇంజిన్ గది వస్తుంది. వెనక జనం తోసుకొస్తుంటారు కాబట్టి చాలామంది అక్కడ ఆగరు. ఈసారి వెళ్తే కాస్త ఆగండి. అక్కడ మూడు డీజిల్ ఇంజిన్లు ఉంటాయి. ఇవాళ నేను చెప్పబోయేది చాలావరకు అలాంటి గది చుట్టూనే తిరుగుతుంది.

డీజిల్ ఇంజిన్ నడవాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి లేదు. అందుకే ఈ రకం పడవ పైకి తేలి ఉన్నప్పుడు గానీ, స్నార్కెల్ గొట్టం మాత్రం నీటిపైకి పెట్టినప్పుడు గానీ డీజిల్ నడిపి బ్యాటరీలు నింపుకుంటుంది. మునిగాక ఆ బ్యాటరీ కరెంటుతో మోటారు తిప్పుకుంటూ వెళ్తుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాదాపు చప్పుడే ఉండదు. దాని బలమంతా ఆ నిశ్శబ్దంలో ఉంది. చార్జింగ్ కోసం మళ్లీ మళ్లీ పైకి రావలసి రావడం దాని బలహీనత.

2006 అక్టోబర్‌లో ఓకినావా దగ్గర సముద్రంలో అమెరికా విమానవాహక నౌక కిట్టీ హాక్ తన రక్షణ నౌకలతో వెళ్తోంది. టార్పెడో అందేంత దూరంలో ఒక జలాంతర్గామి పైకి తేలింది. అది చైనా సాంగ్ తరగతి డీజిల్ పడవ. తరగతి అంటే ఒకే నమూనాలో కట్టిన పడవల గుంపు. అది తేలేదాకా అక్కడ ఉన్నట్టు వాళ్లకి తెలియలేదు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సోనార్లు, అంటే శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరాలు, ఉన్న నౌకలకే కనపడని పడవని మనలాంటి మామూలు మనుషులు ఎలా చూస్తాం? చూడలేం. కానీ ఒకప్పుడు అదే పడవ ఒక నది ఒడ్డున, ఆకాశం కింద, నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంది. చూడాల్సింది అప్పుడే. జలాంతర్గామిని లెక్కపెట్టాలంటే గట్టు మీద ఉండగానే లెక్కపెట్టాలి. ఒకసారి మునిగిందంటే ఇక ఎవరి లెక్క వాళ్లది.

నేను చాలా ఏళ్లు ఓడల డ్రాయింగులు గీసిన మనిషిని. నౌకాదళంలో పనిచేయలేదు. నా దగ్గర రహస్యాలేమీ లేవు. ఇక్కడ చెప్పేవన్నీ అందరికీ దొరికే ఫొటోల నుంచీ, ఆయా ప్రభుత్వాలు స్వయంగా ప్రకటించిన మాటల నుంచీ వచ్చినవే.

ఈ విషయం మన ఊరికి ఎందుకు ముఖ్యమో ముందు చెప్తాను. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి మన హార్బర్ ముందు పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల, అంటే నీటి లోతుల్లో పేలే బాంబుల వల్ల, మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. నీళ్లలో తాను పెట్టిన మందుపాతరల వల్ల తానే పేలిందని పాకిస్థాన్ అంటుంది. ఆ పడవ ఇప్పటికీ మన తీరం ముందు అడుగునే ఉంది. 54 ఏళ్లు దాటాక, 2025 డిసెంబర్ 17న, చైనాలోని వూహాన్ నగరంలో ఒక కొత్త జలాంతర్గామికి జలప్రవేశం జరిగింది. దానికి పెట్టిన పేరు ఘాజీ. ఆ వార్త చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయపడి కాదు. టీవీల్లో ఆ రోజు వచ్చిన మాటల్లో సగం తప్పులు. జలప్రవేశం జరిగిన పడవని యుద్ధానికి సిద్ధమైన పడవ అన్నారు. మన పిల్లలకి ఆ తేడా తెలియాలని ఈ సభకి ఒప్పుకున్నాను.

వూహాన్ సముద్రం ఒడ్డున లేదు. యాంగ్జీ నది మీద, సముద్రానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల లోపల ఉంది. జలాంతర్గాముల్ని నది మధ్యలో కట్టడమేమిటని అనిపిస్తుంది. శత్రువు నౌకలకి అందనంత లోపల ఉండాలన్న పాత ఆలోచన ఒకటి, నది అంత లోతూ వెడల్పూ ఉండటం ఒకటి. అక్కడి వూచాంగ్ షిప్‌యార్డు ఎన్నో దశాబ్దాలుగా జలాంతర్గాములు కడుతోంది. మొదట్లో ఊరి నడిబొడ్డున ఉండేది. ఎదురు ఒడ్డున నిలబడ్డవాళ్లకీ వంతెన మీద వెళ్లేవాళ్లకీ పడవలు కనపడేవి. తర్వాత పని నది కిందివైపు షువాంగ్‌లియూ అనే చోట కట్టిన కొత్త యార్డుకి మారింది. డీజిల్ పడవలు కట్టే మరో చోటు షాంఘై దగ్గర, నది సముద్రంలో కలిసే చోట ఉన్న జియాంగ్నాన్ యార్డు.

2004 వేసవిలో ఒక ఫొటో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. వూహాన్‌లో నది ఒడ్డున ఇంతకుముందు ఎవరూ చూడని ఆకారంలో ఒక జలాంతర్గామి. అలాంటిది తయారవుతోందని అమెరికా గూఢచారి సంస్థలకి కూడా ముందుగా తెలియదని అప్పట్లో అక్కడి పత్రికలు రాశాయి. ఆ పడవే ఇవాళ మనం యువాన్ తరగతి అంటున్నది. చైనా పెట్టుకున్న నంబరు 039ఏ. ఎక్కడో ఒకరు కెమెరా నొక్కకపోయి ఉంటే ఇంకొన్ని నెలలు ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఫొటో తీసింది ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు పరిస్థితి మారింది. కొత్త యార్డులో పని పెద్ద పెద్ద షెడ్ల లోపల జరుగుతుంది. పడవ పూర్తయ్యే దశలో గానీ బయటికి రాదు. కాబట్టి మనకి మిగిలింది ఆకాశం నుంచి చూడటం. ఇదిగో, ఈ ఫొటో చూడండి. ఇది యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం తీసింది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇందులో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. యువాన్ పడవ పొడవు సుమారు 77 మీటర్లు, వెడల్పు 8.4 మీటర్లు. అంటే మొత్తం పడవ ఎనిమిది చుక్కలు కూడా లేదు. వెడల్పు ఒక చుక్క కూడా నిండదు. జెట్టీ పక్కన నల్లటి గీతలాంటిది ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది, అంతే. రోజూ భూమినంతా తీసే ప్లానెట్ కంపెనీ చిన్న ఉపగ్రహాలైతే ఒక చుక్క సుమారు 3 మీటర్లు. పడవ పాతిక చుక్కలవుతుంది. అప్పుడు అది సరుకు మోసే చదును పడవ, అంటే బార్జీ, కాదు, జలాంతర్గామే అని చెప్పొచ్చు. ఇక డబ్బు పెట్టి కొనే 30 సెంటీమీటర్ల ఫొటోలో పడవ పొడవు రెండు వందల యాభై చుక్కలు. అందులో పైన గోపురంలా నిలబడే సెయిల్, దాని పక్కల రెక్కలు, తోక ఆకారం అన్నీ కనపడతాయి.

డ్రాయింగ్ బల్ల మీద బతికినవాణ్ణి కాబట్టి మొదట్లో నేను కొలతల మీదే ఆధారపడ్డాను. పొడవు కొలిస్తే ఏ తరగతో తేలిపోతుందని అనుకున్నాను. అది తప్పు. చైనా పాత మింగ్ తరగతి, అంటే 035, సుమారు 76 మీటర్లు. పాకిస్థాన్‌కి కడుతున్న కొత్త హంగోర్ తరగతి కూడా 76 మీటర్లే. పొడవు ఒకటే, మధ్యలో కొన్ని దశాబ్దాల తేడా! మింగ్ సన్నగా, పైన చదును డెక్‌తో ఉంటుంది. సోవియట్ రోమియో పోలికలే దానివి, ఆ రోమియోకి రెండో ప్రపంచ యుద్ధం చివరి జర్మన్ పడవల పోలికలు. కొత్తది లావుగా, వెనక్కి సన్నబడుతూ ఉంటుంది, రెక్కలు సెయిల్ మీద ఉంటాయి. అందుకని పొడవు ఒక్కటే చూసి ఎవరైనా ఏదైనా చెబితే నమ్మకండి. వెడల్పు అడగండి, రెక్కలు ఎక్కడున్నాయో అడగండి.

ఇంకో పొరపాటు కూడా చేశాను. ఒక ఏడాది వసంతంలో యార్డు జెట్టీ దగ్గర ఒక పడవ చూసి కొత్తది అని నా పుస్తకంలో రాసుకున్నాను. కొన్ని నెలల తర్వాత పాత ఫొటోలు వరుసగా పేర్చి చూస్తే అది అంతకు ముందే సముద్రంలో పనిచేసి, మరమ్మతుకి తిరిగొచ్చిన పడవ. కట్టిన యార్డుకే రిపేరుకీ వస్తాయి కదా. మన బళ్లు షోరూముకే సర్వీసింగుకి తీసుకెళ్లినట్టు. ఆ రోజు నుంచి నేను పడవని లెక్కపెట్టడం మానేసి దాని రాకపోకల్ని రాయడం మొదలుపెట్టాను. షెడ్డులోంచి ఎప్పుడు బయటికొచ్చింది, ఎన్నాళ్లు జెట్టీకి కట్టి ఉంది, ఎప్పుడు మాయమైంది, అలాంటిదే ఇంకొకటి దాని చోటులోకి ఎప్పుడొచ్చింది. ఈ నాలుగు తేదీలు ఉంటేనే ఒక పడవ. లేకపోతే అది ఒక ఫొటో మాత్రమే.

ఇలా ఓపిగ్గా చూడటం వల్ల ఏం బయటపడుతుందో 2024లో అందరికీ తెలిసింది. ఆ ఏడాది వసంతంలో వూహాన్ యార్డు జెట్టీ దగ్గర ఒక కొత్త పడవ కనపడింది. తోక ఎక్స్ ఆకారంలో ఉంది. ఇప్పటిదాకా చైనా కట్టిన వాటిలా లేదు. జూన్‌లో చూస్తే ఆ చోటు చుట్టూ పెద్ద క్రేన్ల బార్జీలు చేరి ఉన్నాయి. ఆ మార్పుని జులైలో బయటపెట్టినవాడు టామ్ షూగార్ట్, అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల మీద పనిచేసి రిటైరైన అధికారి. యార్డులో క్రేన్లు ఉండటం మామూలే. అన్ని క్రేన్లు ఒకే చోట, నీళ్లలోకి ఏదో దింపినట్టు నిలబడటం మామూలు కాదు. సెప్టెంబర్‌లో అమెరికా అధికారులు చెప్పారు: జౌ తరగతి మొదటి పడవ జెట్టీ పక్కనే మునిగిపోయింది, అది అణుశక్తితో నడిచే రకం అని. చైనా దాన్ని ఒప్పుకోలేదు. డీజిల్ యార్డులో అణు పడవ ఎందుకు, అది పూర్తి అణు రియాక్టరా, బ్యాటరీకి తోడుగా పెట్టిన చిన్నదా అని నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అందులో నాకు పక్షం లేదు. ఒక దేశం దాచాలనుకున్న ప్రమాదాన్ని బయటి మనుషులు ఇంట్లో కూర్చుని కనిపెట్టారన్నది మాత్రం నాకు గట్టిగా తగిలింది. ప్రమాదం అంటే గుర్తొచ్చింది. 2003లో మింగ్ తరగతి 361 నంబరు పడవలో మొత్తం 70 మంది చనిపోయారు. వాళ్లూ ఎవరో ఒకరి బిడ్డలే. లెక్కల్లో పడి ఆ మాట మరిచిపోకూడదు.

చైనా దగ్గర మొత్తం ఎన్ని ఉన్నాయని అడుగుతారు. అమెరికా రక్షణ శాఖ ఏటా వేసే నివేదికల్లో 2024 నాటిదాని ప్రకారం డీజిల్ పడవలు 48. రష్యా నుంచి 12 కిలో తరగతి కొన్నారు, సాంగ్ 13 కట్టారు, యువాన్ ఇరవై దాటాయి. అణు పడవలతో కలిపి 2035 నాటికి 80 అవుతాయని ఆ నివేదిక అంచనా. ఈ అంకెల మీద ఇంతకంటే సమయం పెట్టను. చైనా సొంత పడవలు ఎక్కువగా వాళ్ల తూర్పు, దక్షిణ సముద్రాల కోసం. మన సముద్రం వైపు వచ్చేవి అమ్మినవి. అక్కడే అసలు కథ ఉంది.

అమ్మడం వాళ్లకి కొత్తేమీ కాదు. 1970ల్లోనే ఉత్తర కొరియాకి రోమియో రకం పడవలిచ్చారు. 1980ల మొదట్లో ఈజిప్టుకి నాలుగు. ఆ తర్వాత చాలా కాలం ఎవరూ కొనలేదు. 2016లో బంగ్లాదేశ్‌కి రెండు వాడిన మింగ్ పడవలు అప్పగించారు, రెండింటికీ కలిపి 20 కోట్ల డాలర్లకి కాస్త పైన. 2017 మార్చిలో నబజాత్ర, జయజాత్ర పేర్లతో అవి అక్కడి నౌకాదళంలో చేరాయి. 2021 డిసెంబర్‌లో మయన్మార్‌కి ఒక మింగ్ వచ్చింది. మయన్మార్ సంగతిలో మన ఊరికి ఒక పాత్ర ఉంది. చైనా పడవ రావడానికి ఏడాది ముందే భారత్ తన సింధువీర్ జలాంతర్గామిని ఆ దేశానికి ఇచ్చింది. ఇచ్చే ముందు దాన్ని బాగుచేసింది ఇక్కడే, మన హిందుస్థాన్ షిప్‌యార్డులో. మన ఊరివాళ్ల చేతులు పడ్డ పడవది.

బంగ్లాదేశ్ పడవలు పాతవి, వాటివల్ల మనకేమిటి అని కొందరంటారు. పడవని చూడకండి, రేవుని చూడండి. కాక్స్‌బజార్ జిల్లాలో పెకువా దగ్గర చైనా సాయంతో జలాంతర్గాముల స్థావరం కట్టారు. 2023 మార్చిలో ప్రారంభించారు. అప్పటి ప్రధాని షేక్ హసీనా పేరు పెట్టారు, తర్వాత ఆ పేరు మారింది. ఒకేసారి ఆరు జలాంతర్గాములు, ఎనిమిది యుద్ధనౌకలు ఉండగలవని ప్రారంభోత్సవంలో ఆమే చెప్పారు. ఉన్న పడవలు రెండు, కట్టిన చోటు ఆరింటికి! మిగతా నాలుగు చోట్లు ఎవరివి? రేపు కొనబోయే వాళ్ల సొంత పడవలవా, మధ్యలో ఆగే అతిథులవా? జవాబు ఫొటోలే చెప్పాలి. ఒక్కసారి చూస్తే చాలదు, పదేళ్లు చూస్తూనే ఉండాలి. మయన్మార్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి మన తూర్పు నౌకాదళం దాకా ఉన్నది ఒకటే బంగాళాఖాతం. ఇక్కడి జాలరి వాళ్ల వలలూ అక్కడి వాళ్ల వలలూ ఒకే నీళ్లలో పడతాయి.

ఇప్పుడు థాయ్‌లాండ్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే కుర్సురలో మనం ఆగకుండా దాటిపోయిన ఇంజిన్ గది ఇక్కడ మళ్లీ వస్తుంది.

1930ల్లో థాయ్‌లాండ్ జపాన్‌లో నాలుగు జలాంతర్గాములు కట్టించుకుంది. మొదటి దాని పేరు మచ్చాను. వాళ్ల రామాయణంలో మచ్చాను హనుమంతుడి కొడుకు, చేప తోకతో పుట్టినవాడు. మన మైరావణుడి కథలో వచ్చే మత్స్యవల్లభుడే. చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గర ఆ కథ విన్నవాణ్ణి, ఒక జలాంతర్గామికి ఆ పేరు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నీటి అడుగున కాపలా కాసేవాడికి అంతకంటే సరైన పేరు ఉందా? ఆ నాలుగింటినీ 1951లో పక్కన పెట్టారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా థాయ్ నౌకాదళానికి జలాంతర్గామి లేదు.

2017లో చైనాతో ఒప్పందం కుదిరింది. యువాన్‌కి ఎగుమతి రూపమైన ఎస్26టి, ఒకటి, 1,350 కోట్ల బాట్లకి (బాట్ అంటే థాయ్ రూపాయి అనుకోండి). ఇంకో రెండు తర్వాత కొనాలనుకున్నారు. 2018లో ఉక్కు కోత మొదలైంది, 2019లో కీల్, అంటే పడవ అడుగున ఉండే వెన్నెముక, వేశారు. 2020లో కోవిడ్ వచ్చింది. జనం తిండికి ఇబ్బంది పడుతుంటే జలాంతర్గాములా అని థాయ్ ప్రజలు గొడవ చేశారు, ఆ రెండింటినీ వాయిదా వేశారు. మొదటి దాని పని నడుస్తూనే ఉంది. అప్పుడు ఇంజిన్ దగ్గర ఆగిపోయింది.

ఒప్పందంలో రాసుకున్న డీజిల్ ఇంజిన్ జర్మనీది, ఎంటీయూ 396 రకం. చైనా సొంత సాంగ్, యువాన్ పడవల్లో ఏళ్ల తరబడి అదే వాడారు. 1989లో బీజింగ్‌లోని తియానన్మెన్ చౌక్‌లో నిరసనల్ని సైన్యంతో అణచివేశాక యూరప్ దేశాలు చైనాకి ఆయుధాలు అమ్మకూడదని నిర్ణయించాయి. అయినా డీజిల్ ఇంజిన్ ఆయుధం కాదు, మామూలు ఓడలకీ పనికొస్తుంది అన్న లెక్కలో ఇన్నాళ్లూ అమ్మకాలు సాగాయి. థాయ్ పడవ విషయంలో జర్మనీ ఇవ్వనంది. ఒప్పందం రాసుకునే ముందు చైనా మమ్మల్ని అడగనేలేదని 2022లో బ్యాంకాక్‌లోని జర్మనీ రాయబార కార్యాలయంలోని సైనిక ప్రతినిధి బహిరంగంగా చెప్పారు. చైనా తన సొంత ఇంజిన్ సీహెచ్‌డీ620 పెడతామంది. ఇదివరకు ఎగుమతి పడవలో నడిచి రుజువు కాని ఇంజిన్ మాకెందుకని థాయ్‌వాళ్లు వెనకాడారు. జలాంతర్గామి వద్దు, ఫ్రిగేట్ అనే యుద్ధనౌక ఇవ్వండని ఒక దశలో అడిగారు. ప్రభుత్వాలు మారాయి. చివరికి 2025 ఆగస్టులో థాయ్ మంత్రివర్గం చైనా ఇంజిన్‌కే ఒప్పుకుంది, గడువు 1,217 రోజులు పొడిగించింది.

ఆలోచించండి. వేల టన్నుల పడవ. లోపల టార్పెడోలు, సోనార్లు, ఆక్సిజన్ ట్యాంకులతో నడిచే స్టర్లింగ్ ఇంజిన్. అన్నీ ఉన్నా బ్యాటరీ నింపే డీజిల్ ఇంజిన్ లేక ఏళ్ల తరబడి ఆగింది. అన్నట్టు స్టర్లింగ్ ఇంజిన్ అనేది 1816 నాటి స్కాట్లాండ్ ఆలోచన. ఆవిరి బాయిలర్లు పేలి జనం చనిపోతున్న రోజుల్లో వచ్చింది. రెండు వందల ఏళ్ల తర్వాత అదే సముద్రం అడుగున, పైకి రాకుండా రోజుల తరబడి ఉండటానికి పనికొస్తోంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అందుకే నేను అంటాను, ఎగుమతి పడవని చూసేటప్పుడు మొదట దాని ఇంజిన్ ఎవరిదో చూడాలి. అది ఫొటోలో కనపడదు. టెండర్లలో, పార్లమెంటు చర్చల్లో, దినపత్రికల లోపలి పేజీల్లో కనపడుతుంది. థాయ్ పత్రికలు ఈ విషయం ఎంత ఓపిగ్గా రాశాయో చూస్తే నాకు గౌరవం కలిగింది. వాళ్ల పన్ను డబ్బు, వాళ్లు అడిగారు.

పాకిస్థాన్‌ది ఇందుకు పూర్తిగా వేరు. 2015లో ఎనిమిది హంగోర్ తరగతి పడవలకి ఒప్పందం. దాదాపు 500 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. నాలుగు వూహాన్‌లో, నాలుగు కరాచీ షిప్‌యార్డులో. మొదటి నాలుగూ 2023కే చేతికొస్తాయని మొదట్లో అన్నారు. రాలేదు. జర్మన్ ఇంజిన్ దొరకని ఇబ్బంది ఇక్కడా ఉంది, కానీ పాకిస్థాన్ చైనా ఇంజిన్‌కి ఒప్పుకుంది. ఆలస్యం అయినా, ఒకసారి మొదలయ్యాక వేగం చూడండి. 2024 ఏప్రిల్ 26న హంగోర్ నీళ్లలోకి దిగింది. 2025 మార్చిలో శుశుక్, ఆగస్టులో మాంగ్రో, డిసెంబర్‌లో ఘాజీ. ఇరవై నెలల్లో నాలుగు. ఒకే యార్డు ఇదే సమయంలో తన సొంత నౌకాదళానికీ కడుతోంది. ఈ వేగాన్ని నేను తక్కువ చేసి చెప్పను. మనవాళ్లు దీన్ని గౌరవంగా, జాగ్రత్తగా చూడాలి.

హంగోర్ పేరు కూడా ఊరికే పెట్టలేదు. 1971 డిసెంబర్ 9న డయ్యూ తీరం దగ్గర మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచిన పడవ హంగోర్. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని విడిచిపెట్టకుండా ఓడతోనే మునిగారు. ఆ పేరుతో మళ్లీ పడవ వచ్చిందంటే చూసేవాళ్లకి గుండె బరువెక్కడం సహజం.

అయినా నీళ్లలోకి దిగడానికీ పోరాడటానికీ మధ్య చాలా దూరం ఉంది. జలప్రవేశం తర్వాత పడవని జెట్టీకి కట్టి లోపల పరికరాలు బిగిస్తారు. బ్యాటరీలు పెడతారు. తర్వాత సీ ట్రయల్స్, అంటే సముద్రంలో పరీక్షలు. మొదట పైన తేలుతూ, తర్వాత మునుగుతూ, ఒక్కో లోతూ దిగుతూ. ఆ తర్వాత సిబ్బంది అప్పగింత, ఆ తర్వాత ఆ సిబ్బంది ఒక జట్టుగా నేర్చుకోవడం. ఈ చివరిది ఏ ఉపగ్రహానికీ అందదు. అయితే జెట్టీ దగ్గర ఎన్ని వారాలు ఖాళీగా ఉందో చూస్తే కొంత తెలుస్తుంది. ఎప్పుడూ జెట్టీకి కట్టి ఉన్న పడవ సిబ్బందికి అనుభవం రాదు. వెళ్లి వస్తూ ఉంటే వస్తుంది.

కరాచీలో కట్టే నాలుగింటి మీదే నా దృష్టి ఎక్కువ ఉంటుంది. అక్కడ ఐదో పడవకి ఉక్కు కోత 2021 డిసెంబర్‌లోనే మొదలైంది. తెచ్చుకున్న పడవ వేరు, కట్టడం నేర్చుకున్న పడవ వేరు. వూహాన్‌లో నాలుగు దిగడానికి ఇరవై నెలలు పడితే, కరాచీలో నాలుగు దిగడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆ తేదీల మధ్య దూరం మనకి చెప్తుంది. ప్రసంగాలు చెప్పవు.

(సభలో ఒక విద్యార్థిని: సార్, మేము కూడా ఇలా చూడాలంటే ఫొటోలు తీసి పంపొచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా. ఇందాక ఆ ఫొటో తీసిన మనిషి ఎవరో తెలుసుకోవాలని లేదన్నాను కదా, కారణం ఇదే. చైనాలో గూఢచర్య నిరోధక చట్టాన్ని 2023లో ఇంకా కఠినం చేశారు. నది ఒడ్డున నిలబడి ఫొటో తీసిన కుర్రాడు జైలుకి వెళ్లే అవకాశం ఉంది. నా ఆసక్తి కోసం ఎక్కడో ఒక కుటుంబం చెదిరిపోవడం నాకిష్టం లేదు. అందుకే నేను ఉపగ్రహ చిత్రాలకే పరిమితమవుతాను. ఇక మన ఊరి సంగతి. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, నౌకాదళ డాక్‌యార్డు వైపు కెమెరా ఎత్తకు తల్లీ. ఎవరు అడిగినా, ఎంత తీయగా మాట్లాడినా సరే. 2019 డిసెంబర్‌లో ఇలా సమాచారం పంపారనే ఆరోపణ మీద ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఆన్‌లైన్ పరిచయాలతో మొదలైన వ్యవహారం అది. నీ వయసు పిల్లలకి ఆ వల తెలియదు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: మాస్టారూ, ఇవన్నీ మన నౌకాదళం వాళ్లకి తెలియవా? మనం చూడటం దేనికి?)

వాళ్లకి మనకంటే వంద రెట్లు తెలుసు బాబాయ్. మనం చూడాల్సింది వాళ్లకి సాయం చేయడానికి కాదు. రేపు టీవీలో ఎవరో లేచి పాకిస్థాన్ దగ్గర ఎనిమిది కొత్త జలాంతర్గాములున్నాయి అంటే, లేదు, ఇన్ని నీళ్లలోకి దిగాయి, ఇన్ని దళంలో చేరాయి, ఇన్ని ఇంకా ఉక్కు పలకలుగానే ఉన్నాయి అని మన ఇంట్లో పిల్లాడు చెప్పగలగాలి. మన పన్ను డబ్బుతో కొత్త పడవలు కొందామని ప్రభుత్వం అన్నప్పుడు ఎందుకు, ఎన్ని, ఎప్పటికి అని అడగడానికి మనకి ఆధారం ఉండాలి.

సమయం అయిపోయింది అంటున్నారు. పిల్లలూ, మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇంటికెళ్లి గూగుల్ ఎర్త్ తెరవండి. వూహాన్ వెతకండి, నది వెంట కిందికి జరుగుతూ షువాంగ్‌లియూ దగ్గర ఆగండి. పాత ఫొటోల మీటను నొక్కి ఏడాది ఏడాదీ వెనక్కి వెళ్లండి. పొలాలు కనపడతాయి, తర్వాత పునాదులు, షెడ్లు, ఆ తర్వాత జెట్టీ పక్కన నల్లటి గీత. కనపడిన తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంకో విషయం, ఆ గీతని స్కేలుతో కొలవండి. 91 మీటర్ల కుర్సుర ఎంత పొడవుంటుందో మీరు నడిచి చూశారు కదా, దానికంటే ఇది పొడవా పొట్టా అని వచ్చే ఆదివారం నాకు చెప్పండి.